బడి డాబా మీద ఎండ

మా ఊరి ఉన్నత పాఠశాల డాబా మీద సౌర ఫలకాలు బిగించి ఐదేళ్లు అయింది. అందులో పద్నాలుగు నెలల పాటు అవి ఒక్క యూనిట్ కరెంటు కూడా ఇవ్వలేదు. ఆ పద్నాలుగు నెలల్లో ఎండకు లోటు లేదు, ఫలకాలు పగలలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. ఫలకాల కరెంటును ఫ్యాన్లకు, దీపాలకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ మీద ఒక ఎర్ర దీపం వెలుగుతూ, పక్కనున్న చిన్న తెరపై ఏవో అక్షరాలు కనిపిస్తూ ఉండేవి. వాటి అర్థం ఊళ్లో ఎవరికీ తెలియదు. బిగించిన సంస్థకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మనిషిని పంపుతామన్న మాట వచ్చేది గాని మనిషి రాలేదు. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నేను రోజూ ఆ దీపం పక్కనుంచే నడిచి వెళ్లి, పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం బోధించేవాడిని. ఉద్యోగ విరమణ చేసి రెండేళ్లయినా, ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాతి సంక్రాంతికి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్న మా పాత విద్యార్థి ఒకడు నన్ను చూడటానికి ఇంటికి వచ్చి, మాటల్లో ఈ విషయం విని, బడికి తీసుకెళ్లమన్నాడు. తెర మీది అక్షరాలు చూడగానే, "మాస్టారూ, ఇది ఇన్సులేషన్ ఫాల్ట్ అండి, ఎక్కడో తీగ తొడుగు పోయి చట్రానికి తగులుతోంది" అన్నాడు. మర్నాడు ఎండ ఎక్కకముందే స్విచ్చులన్నీ తీసి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, మీటరుతో ఒక్కొక్క ఫలకం తీగ చూసుకుంటూ వెళ్లాడు. పిట్టగోడ మీదికి వాలిన కొబ్బరి మట్ట పక్కనే తీగ తొడుగును ఉడుత కొరికేసి ఉంది. రాగి బయటపడి ఇనుప చట్రానికి ఆనుకుని ఉంది. నాలుగు మీటర్ల తీగ, ఒక జత కనెక్టర్లు, తీగ మీదికి తొడగడానికి ఒక పైపు తెప్పించాము. పెద్ద ఖర్చేమీ కాలేదు. ఆ మధ్యాహ్నానికి దీపం పచ్చగా మారింది.

పునరుత్పాదక ఇంధనం పల్లెలను, పల్లె చదువులను మారుస్తుందని నేను నమ్ముతాను. అయితే ఆ మార్పు ఎక్కడ జరగాలో నాకు ఆ ఉడుత కొరికిన తీగ దగ్గరే అర్థమైంది. ఈ విషయం మీద సాధారణంగా మనం చదివే వర్ణనలో ఒక చీకటి గ్రామం ఉంటుంది, దానికి ఒక సౌర దీపం వస్తుంది, ఆ వెలుగులో పిల్లలు పుస్తకం తెరుస్తారు. దేశంలో ఆ వర్ణన నిజమైన చోట్లు ఉన్నాయి. గోదావరి డెల్టా అలాంటి చోటు కాదు. మా దగ్గర ప్రతి ఇంటికీ తీగ వచ్చి దశాబ్దాలైంది. మాకు కొరవడినవి వేరు: ఆపద వేళ నిలబడే కరెంటు, దాన్ని నిలబెట్టుకునే విద్య. మొదటిదాన్ని డబ్బు పెట్టి కొనవచ్చు. రెండోది ఊళ్లోనే పుట్టాలి, అది పుట్టగలిగిన చోటు బడి ఒక్కటే.

ఆపద వేళ అంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనవసరం లేదు. 1996 నవంబరు 6న తుపాను తీరం దాటినప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్త. కోనసీమలో తోటలకు తోటలే నేలకొరిగాయి, వాటితో పాటు స్తంభాలూ కూలిపోయాయి. చాలా ఊళ్లకు వారాల తరబడి కరెంటు లేదు. ఆ ఏడాది పదో తరగతి పిల్లలు రేషన్ కిరోసిన్ పోసిన బుడ్డి దీపాల దగ్గర చదివారు. తెల్లారేసరికి ముక్కుపుటాల్లో మసి పేరుకుని బడికి వచ్చేవాళ్లు. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి, ప్రమాదం జరగకుండా సరఫరా నిలిపివేయక తప్పలేదు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ఏటిగట్టు మీదికి చేరిన జనానికి తలదాచుకునే చోటుగా మారేది బడే. తరగతి గదుల్లో బల్లలు పక్కకు జరిపి కుటుంబాలు పడుకుంటాయి. అక్కడ చీకటి ఎంత బరువైనదో, రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లడానికి ఆడపిల్లలు ఎంత భయపడతారో చూసినవాళ్లకే తెలుస్తుంది.

బడి మీద సౌర ఫలకాలు ఉన్నాయి కదా, అప్పుడు వెలుగు ఉంటుందని అందరూ అనుకుంటారు. మా ఊళ్లోనూ అలాగే అనుకున్నారు. నిజానికి ఎక్కువ బడుల మీద ఉన్నది బయటి లైనుతో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ పద్ధతి. బయటి లైనులో కరెంటు పోయిన మరుక్షణం ఆ ఇన్వర్టర్ కూడా తనంతట తాను ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. తెగిన తీగ సరిచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు ఎదురు వచ్చి ప్రాణం తీయకూడదు. కాబట్టి తుపాను మర్నాడు ఆకాశం తేటపడి ఎండ కాస్తున్నా, బడి మీద పదిహేను ఫలకాలు మెరుస్తున్నా, కింద గదుల్లో ఫ్యాను తిరగదు. దీనికి విరుగుడు ఉంది: బయటి లైనుతో పూర్తిగా విడిపోయి బడి వరకే కరెంటు ఇవ్వగల హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి తగిన బ్యాటరీ. బడి మొత్తానికి అక్కరలేదు. నాలుగు గదుల దీపాలు, తాగునీటి మోటారు, ఫోన్లు పెట్టుకునే ప్లగ్గుల బల్ల, ఒక చిన్న ఫ్రిజ్ నడిచేంత బ్యాటరీ ఉంటే చాలు. డెల్టాలో పునరావాస కేంద్రాలుగా వాడే బడులన్నిటికీ ముందు ఈ ఒక్క మార్పు చేయించాలని నా కోరిక. కొత్తగా ఫలకాలు బిగించడానికి ఒప్పందం రాసేటప్పుడే ఈ మాట రాయించుకోవాలి. తర్వాత అడిగితే అది వేరే పని, వేరే ఖర్చు అవుతుంది.

మామూలు రోజుల్లో బడికీ ఎండకూ ఉన్న పొత్తు చాలా చక్కనిది. ఇళ్లలో కరెంటు ఎక్కువగా కావలసింది సాయంత్రం దీపాలు పెట్టాక. బడికి కావలసింది ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు. ఒక కిలోవాట్ ఫలకాలు మా ప్రాంతంలో సగటున రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి కాబట్టి, మా బడి మీది ఐదు కిలోవాట్లు సుమారు ఇరవై యూనిట్లు ఇస్తాయి. బడిలో ఫ్యాన్లు ముప్పై. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, అన్నీ ఆరు గంటలు తిరిగితే పదమూడున్నర యూనిట్లు. అదే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను అయితే ముప్పై వాట్ల లోపే. ఐదున్నర యూనిట్లతో సరిపోతుంది. ఈ లెక్క నేను చెప్పలేదు. దీపం పచ్చబడిన తర్వాతి నెలలో తొమ్మిదో తరగతి పిల్లలు గది గదికీ తిరిగి, ఫ్యాన్ల మీది అంకెలు రాసుకుని, తామే వేశారు. వేసవి సెలవుల్లో ఫ్యాన్లు తిరగవు, ఎండ మాత్రం దండిగా ఉంటుంది. ఆ కరెంటంతా, వచ్చినదీ పోయినదీ రెండూ లెక్కించే నెట్ మీటర్ ద్వారా బయటికి వెళ్లి బడి ఖాతాలో జమ పడుతుంది.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ప్రీతి అక్కడే. ఆ రోజు తర్వాత మేము ఒక రిజిస్టర్ పెట్టాము. రోజూ బడి విడిచే ముందు ఇద్దరు పిల్లలు వంతుల వారీగా ఇన్వర్టర్ తెర చూసి, ఆ రోజు యూనిట్లు, ఆకాశం ఎలా ఉందో, ఫలకాలు కడిగారో లేదో రాస్తారు. మీటరు చదవడం వరకే వాళ్ల పని. ఫలకాల వరుసలో కొన్ని వందల వోల్టుల డీసీ ఉంటుంది, తీగ ముట్టుకోనివ్వము. ఈ చిన్న పుస్తకం నుంచి ఎన్ని పాఠాలు పుట్టాయో చెప్పలేను. ఫలకాలను దక్షిణం వైపు దాదాపు పదహారు డిగ్రీలు వంచి ఎందుకు పెట్టారని ఒక అమ్మాయి అడిగింది. సాంఘికశాస్త్రం పుస్తకం తెప్పించి అమలాపురం అక్షాంశం చూడమన్నాను. పదహారున్నర అని చూసి, ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన వెలుగు ఏ ప్రయోగశాలలోనూ నాకు కనిపించలేదు. ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడని, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదని చెప్పి, ఆవరణలో కర్ర పాతి చూపించాము. మబ్బు రెండుసార్లు అడ్డం వచ్చినా మూడోసారి కనిపించింది.

మరో రోజు పడిపోయిన కొబ్బరాకు ఒకటి ఫలకం మీద అడ్డంగా ఉండిపోయింది. ఆకు కప్పినది ఫలకంలో పదో వంతు కూడా లేదు, ఆ ఫలకం ఇచ్చే కరెంటు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువగా పడిపోయింది. శ్రేణి సంధానంలో ఒకచోట అడ్డు పడితే ఆ వరుస అంతా కుంటుతుందని నేను ఎన్నో ఏళ్లు నల్లబల్ల మీద గీసి చెప్పాను. పిల్లలు దాన్ని కళ్లతో చూసింది ఆ రోజే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాబట్టి అప్పుడే కరెంటు అన్నిటికన్నా ఎక్కువ వస్తుందని వాళ్లు పందెం వేసుకున్నారు. బడి దగ్గర ఇళ్లున్న పిల్లలు సెలవుల్లోనూ వంతులు తప్పకుండా రాశారు. అంకెలు వాళ్లు అనుకున్నట్టు రాలేదు. సిలికాన్ ఫలకం వేడెక్కిన కొద్దీ, 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ, దాని దిగుబడి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. వెలుగు వేరు, వేడి వేరు అన్న సంగతి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. మా పిల్లలకు అది రెండు నెలల పరిశోధన.

డెల్టాకు ఇది కొత్త విద్య అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ప్రకృతి శక్తిని పదిమందీ పంచుకోవడం, దాన్ని రోజూ కాచుకోవడం ఈ నేలకు వెన్నతో పెట్టిన విద్య. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సుమారు పది లక్షల ఎకరాలకు నీరు పారిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ నీటిని పారించినది ఆనకట్ట ఒక్కటే అనుకుంటే పొరపాటు. లాకుల దగ్గర కాపలా ఉండే లస్కర్లు, తూము ఎంత ఎత్తాలో తెలిసిన మనుషులు, శివారు భూములకు నీరు చేరేదాకా ఎగువ రైతులు ఆగే వంతుల పద్ధతి, రాత్రి గట్టు మీద లాంతరు పట్టుకుని తిరిగిన రైతులు, వీరందరి చేతుల మీదుగా ఆ నీరు పారింది. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టింది కూడా ఆ అనుభవం మీద నమ్మకంతోనే. ఇంకో ముచ్చట చాలామందికి తెలియదు. మా దాళ్వా (రబీ) పంటకు గోదావరిలో నీరు చాలని రోజుల్లో, లోయర్ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లు తిప్పి బయటికి వచ్చిన నీరే శబరి ద్వారా గోదావరిలో కలిసి ధవళేశ్వరం చేరుతుంది. పైన కొండల్లో వెలిగిన దీపమూ, కింద మా చేలో పండిన గింజా ఒకే నీటి బిడ్డలు. నీటికి లస్కరు ఉన్నట్టే ఎండకూ ఊరికొక కాపరి ఉండాలని నేను అంటున్నాను.

కాపరి లేకపోతే ఏమవుతుందో బీహార్‌లోని ధర్నయి గ్రామం చెబుతుంది. 2014లో అక్కడ ఆ ఊరి వరకే కరెంటు ఇచ్చే 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ ఎంతో ఆర్భాటంగా మొదలైంది. తర్వాత మామూలు లైను కరెంటు తక్కువ ధరకు ఊళ్లోకి వచ్చింది, బ్యాటరీలు పాడయ్యాయి, వాటిని మార్చే దిక్కు లేక ఆ ఏర్పాటు మూలపడింది. దాన్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. మా డాబా మీద కూడా అదే జరగబోయింది, ఒక కుర్రవాడు సంక్రాంతికి ఇంటికి రాబట్టి ఆగింది.

ఇళ్ల మీద ఫలకాల విషయంలో డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడు కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల రాయితీ వస్తుంది. మంచి పథకం. కాని కోనసీమలో ఇల్లు అంటే కొబ్బరి నీడలో ఉండేది. చాలామందివి పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు. రాయితీ కోసం కాపు కాసే చెట్లు నరుక్కోమని ఎవరమూ చెప్పకూడదు. బడికి ఆటస్థలం ఉంటుంది, దాని చుట్టూ ఆకాశం తెరుచుకుని ఉంటుంది. అందుకే ఊరి ఎండను ఒడిసిపట్టడానికి బడి డాబా, పంచాయతీ డాబా, రైతు సేవా కేంద్రాల డాబాలు సరైన చోట్లు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి గాల్వనైజ్ చేసిన చట్రమే వాడాలి, తుపాను గాలికి లేచిపోకుండా బోల్టులు కాంక్రీటులోకి దిగాలి. లంక భూముల్లో కూరగాయలకు, అరటికి ఫిల్టర్ పాయింట్ల (లోతు తక్కువ గొట్టపు బావుల) మీద సౌర పంపులు బాగా పనికొస్తాయి, అయితే వరదల కాలానికి ముందే విప్పి గట్టెక్కించే వీలుండాలి. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లకు కూడా సౌరవిద్యుత్ సరిపోతుందని కొందరు చెబుతున్నారు. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున. ఆ వేళకు సూర్యుడు ఉండడు. బ్యాటరీ ఖర్చు కలపకుండా వేసిన లెక్కను రైతుకు చూపించడం అన్యాయం.

బడి వంటింటి సంగతి కూడా ఈ చర్చలో భాగమే. మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టిన ఆ తల్లి ఈ డెల్టా మనిషి. మా బడిలో చాలాకాలం కొబ్బరి మట్టలు, డొక్కలతోనే వండేవారు. వానాకాలంలో అవి తడిసి పొగ చిమ్మేవి, వంట చేసే ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, ఆ పొగ పక్కనున్న ఆరో తరగతిలోకి వచ్చేది. గోబర్ గ్యాస్ పెట్టిద్దామని లెక్క వేశాము. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు. అదీ ఒక కుటుంబం వంటకే సరిపోతుంది. ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లో పశువులే తగ్గిపోయాయి. వందల మంది పిల్లల వంటకు అది చాలదని తేలి, సిలిండరుకు మారాము. పాడి ఉన్న ఇళ్లకు మాత్రం ఇప్పటికీ అది మేలైన దారి, పిడకలు చేసే పనిలో ఆడపిల్లల ఉదయాలు పోకుండా ఉంటాయి, బయటికి వచ్చే ద్రవం చేనికి ఎరువు అవుతుంది.

రేవుల గురించి ఒక కోరిక చెప్పుకోవాలి. లంకల నుంచి మా బడికి వచ్చే పిల్లలు రోజూ పడవ మీద ఏరు దాటుతారు. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా రేవు పాటదారు రాకపోకలు తగ్గిస్తాడు, సాయంత్రం ప్రత్యేక తరగతి పెడితే వాళ్లకు చివరి పడవ దొరకదు. కేరళలో వైకోం దగ్గర 2017 జనవరి నుంచి 75 మంది కూర్చునే ఆదిత్య అనే సౌర పడవ నడుస్తోంది. అక్కడిది బ్యాక్‌వాటర్స్‌లోని నిలకడ నీరు, ఇక్కడిది ఏటి వడి, ఒకటి కాదని నాకు తెలుసు. అయినా వరద లేని నెలల్లో మన పంటు పడవల మీద కూడా ఆ ప్రయత్నం జరగాలని, దాన్ని కాకినాడ, భీమవరం ఇంజనీరింగ్ కళాశాలల పిల్లలు తమ ప్రాజెక్టుగా తీసుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.

ఉడుత కొరికిన తీగ అతికించిన మా విద్యార్థి ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఫలకాల మరమ్మతు పని చేస్తున్నాడు. కేంద్రం నడిపే సూర్యమిత్ర శిక్షణ కూడా పూర్తి చేశాడు. హైదరాబాదు వెళ్లిపోవాలనుకున్నవాడు ఊళ్లోనే ఉన్నాడని వాళ్ల అమ్మగారు సంతోషిస్తారు. పోయిన ఏడాది నుంచి నెలకొక శనివారం బడికి వచ్చి, తొమ్మిదో తరగతి పిల్లలకు మల్టీమీటర్ పట్టుకోవడం నేర్పుతున్నాడు. ముందు టార్చిలైటు బ్యాటరీ, తర్వాత సైకిలు డైనమో, ఆ తర్వాత అరచేతి అంత సౌర ఫలకం. మొదట మగపిల్లలే ముందుకు వచ్చేవారు, ఆడపిల్లలు వెనక నిలబడేవారు. జట్టుకు ఇద్దరు చొప్పున, మీటరు ఆడపిల్ల చేతిలో, పుస్తకం మగపిల్లవాడి చేతిలో ఉండాలని నియమం పెట్టాము. ఈ ఏడాది వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు పాలిసెట్ రాస్తామంటున్నారు, ఎలక్ట్రికలే కావాలంటున్నారు. ఒకమ్మాయి తండ్రి నా దగ్గరకు వచ్చి, "స్తంభాలెక్కే చదువు ఆడపిల్లకెందుకండీ మాస్టారూ" అన్నారు. ఆయనను డాబా మీదికి తీసుకెళ్లి, వాళ్ల అమ్మాయి చేతిరాతతో ఉన్న రిజిస్టర్ చూపించి, కూతురినే వివరించమన్నాను. ఆయన అరగంట సేపు విన్నారు. అవుననీ కాదనీ చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం, తమ రేకుల షెడ్డు మీద ఎన్ని ఫలకాలు పడతాయని కూతురినే అడిగారు.

బ్యాటరీ కోసం పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుంటున్నారు. వచ్చే తుపాను కాలానికి, అంటే అక్టోబరు లోపు, నాలుగు గదులకు, నీటి మోటారుకు సరిపడేది బిగించాలని అనుకుంటున్నాము. నిన్న బడికి వెళ్లినప్పుడు రిజిస్టర్ తిరగేశాను. చివరి వరుసలో ఇలా ఉంది: "17 యూనిట్లు. మధ్యాహ్నం రెండు నుంచి మబ్బు. ఫలకాలు కడిగాము. తూర్పు వైపు మట్ట మళ్లీ వాలుతోంది, కొట్టించాలి."